బొడ్రాయి కింద పలక

ఇప్పలపల్లె తన బొడ్రాయిని స్వరూప మాట మీద నిలబెట్టుకుంది. ఆమె తన జీవితంలో ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి చేయలేదు. చిత్రమేమిటంటే దాన్ని తప్పని ఏ కోర్టూ అనదు, ఏ పత్రికా రాయదు. పత్రికలు రాసిందల్లా ఆమె దేశానికి వెలుగు పంచిన శాస్త్రవేత్త అనే. ఆ పేపరు కటింగుకు వదిన సారక్క లామినేషన్ చేయించి, దేవుళ్ళ పటాల పక్కన మేకుకు తగిలించింది. తర్వాత్తర్వాత స్వరూప పుట్టింటికి వెళ్తే ఆ గోడకు వీపు పెట్టి కూర్చునేది.

బొడ్రాయి అంటే తెలియని వాళ్ళకు ఒక మాట. తెలంగాణ పల్లెల్లో ఊరి నడిమధ్య పాతే రాయి అది. మనిషికి బొడ్డెలాగో ఊరికి అదలాగ. దాన్ని నిలబెట్టారంటే ఈ ఊరు ఇక్కడే ఉంటుంది, ఎటూ పోదు అని భూమికీ చుట్టుపక్కల ఊళ్ళకీ చెప్పినట్టు. నిలబెట్టాక కదపకూడదు. ఇప్పలపల్లె పాత బొడ్రాయి బొగ్గుబాయి పేలుళ్ళ అదురుకు నిలువునా పగిలి ఏళ్ళు గడిచినా, కొత్తది పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఊరి కింద బొగ్గుంది. తూర్పు నుంచి, నేలను పైనుంచే తవ్వుకొచ్చే ఓపెన్‌కాస్ట్ గొయ్యి ఏటేటా దగ్గరకొస్తోంది. రేపో మాపో లేచిపోయే ఊరికి కొత్త బొడ్రాయి ఎందుకని, పగిలిన రాయికే పసుపు రాసి సరిపెట్టుకున్నారు.

అలాంటి రోజుల్లో స్వరూప పలకను తయారుచేసింది.

హైదరాబాద్‌లో ఆమె పనిచేసే పరిశోధనశాలలో దానికి పెద్ద పేరే పెట్టారు గానీ, చూడ్డానికి అచ్చం పిల్లలు దిద్దుకునే పలకలా ఉండేసరికి ఆ పేరు ఎవరి నోటా నిలవలేదు. మొదటి పలక సరిగ్గా పనిచేసిన వారం, దాన్ని తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కి ఊరికి తీసుకెళ్ళింది. ప్రయోగశాలలో డైరెక్టర్‌కు చూపించడం వేరు, సారక్కకు చూపించడం వేరు. తల్లి పోయాక స్వరూపను చదివించింది అన్న మొగిలి అయితే, చదువుకునేటప్పుడు తిండి పెట్టింది ఈ వదినే.

సారక్క కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు కాలుస్తోంది. స్వరూప పలకను పొయ్యి గోడకు ఆనించి, దాని తీగలకు చిన్న బల్బు తగిలించింది.

"ఏంది స్వరూపా, నా పొయ్యికి పలక ఆనిచ్చినవ్? ఒనమాలు నేర్పిస్తవా దానికి?"

"ఆగు వదినె. నీ మంటల కొంచెమే రొట్టెకు తాకుతది. మిగిలిందంత గోడకు, నీ మొఖానికి, గాలికి పోతది గదా. ఆ పొయ్యేదాన్ని ఇది పడతది."

బల్బు ముందు ఎర్రగా, తర్వాత తెల్లగా వెలిగింది. సారక్క రొట్టె తిప్పడం మర్చిపోయింది. అది మాడింది. వాసనకు మొగిలి లోపలికి వచ్చి, చెల్లెలు వెలిగించిన బల్బునూ భార్య మాడ్చిన రొట్టెనూ చూశాడు.

"గిది కరెంటు తయారు జేసేకాడ వెడితె ఎట్లుంటది?" అన్నాడు. పత్తీ మిరపా వేసే రైతే అయినా, చుట్టూ ఉన్నది బొగ్గూ కరెంటూ కాబట్టి అతనికి ఆ ప్రశ్న తట్టింది.

"అందుకే చేసినం అన్నా. ఆడ మూడు బండ్ల బొగ్గు కాలవెడితె ఒక్క బండిదే కరెంటు అయితది. రెండు బండ్లది ఆవిరై, పొగై ఊకెనే పోతది. పలకలు వెడితె ఆ పొయ్యేదాంట్లకెల్లి ఇంకో బండి దొరుకుతది."

"అంటె బొగ్గు సగమే సాలు."

"సగమే సాలు."

సారక్క మాడిన రొట్టెను పక్కకు తీసి పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "అయితె మనూరు ఉంటదా?" అంది.

పరిశోధనశాలలో అంతమంది పెద్దలు అన్ని ప్రశ్నలు వేశారు గానీ ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. స్వరూప ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం కూడా కనిపించలేదు.

"ఉంటది వదినె," అంది.

*

మరుసటి ఏడాదికల్లా దేశంలోని పెద్ద కరెంటు కేంద్రాలన్నిటికీ పలకలు ఎక్కాయి. బొగ్గు రైళ్ళు సైడింగుల్లో ఆగిపోయాయి. తవ్విన బొగ్గు కుప్పలు కొనేవాళ్ళు లేక వానకు తడిశాయి. ఇప్పలపల్లె వైపు గొయ్యిని పెంచే పనిని పక్కన పెడుతున్నామని బొగ్గు కంపెనీ ప్రకటించింది.

పరిశోధనశాల కారిడార్ గోడ మీద ఇంతియాజ్ ఒక పెద్ద గీతల కాగితం అతికించాడు. అతను స్వరూప బృందంలో కొలతల మనిషి. వరంగల్ వాడు, ఏ మాటనూ సగం నమ్మే రకం. ఆ కాగితం మీద రెండు గీతలు. ఆకుపచ్చది దేశం సంపాదన, నల్లది దేశం కాల్చిన బొగ్గూ చమురూ. అతని తాతల కాలం నుంచీ ఆ రెండూ ఒకే కాడికి కట్టిన ఎడ్లలా కలిసే నడిచాయి. ఒకటి ఆగితే రెండోదీ ఆగింది. ఆ ఏడాది మాత్రం ఆకుపచ్చది పైకీ నల్లది కిందికీ పోయాయి. డైరెక్టర్ పరాంకుశం అందరికీ చాయ్ తెప్పించి, ఆ గోడ ముందే ఫోటో దిగారు.

"విడదీశాం, స్వరూపా! బొగ్గు కాల్చకుండా కూడా దేశం ఎదుగుతుందని చూపించాం," అన్నారాయన. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. మంచి మనిషి. ఈ కథలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు, అదే తంటా.

ఇంతియాజ్ బిస్కట్ చాయ్‌లో ముంచుతూ, "మేడమ్, ఒక్క ఏడు జూసి ఎడ్లు విడిపోయినయని అనద్దు. కాడి ఇంకా మెడల మీదనే ఉంది," అన్నాడు. స్వరూప నవ్వి, ఇంతియాజ్‌కు పెళ్ళిలో కూడా చావు కబురే గుర్తొస్తుందని వెక్కిరించింది.

ఆ నెలలోనే ఊరి నుంచి ఓదెలు ఫోన్ చేశాడు. ఇప్పలపల్లెలో మంచికీ చెడుకీ ముందుండే పెద్దమనిషి, స్వరూపకు పెద్దబాపు వరుస.

"బిడ్డా, ఒక మాటడుగుత. గొయ్యి రాకున్నా సరే, ముందుజాగర్తకు ఊరు మార్చుకునేటోళ్ళు మార్చుకోవచ్చని కంపెనోళ్ళు వాగు పక్కన జాగ సూపిచ్చిన్రు. నల్లరేగడి. నీళ్ళున్నయి, రోడ్డు దగ్గర. మనం ఒద్దంటె పక్కూరోళ్ళకు ఇస్తరంట. కొందరు పోదామంటున్రు, కొందరు బొడ్రాయి నిలవెడదామంటున్రు. నాకు తోస్తలేదు. ఆ పలక జేసింది నువ్వు. ఉండుమంటవా, పొమ్మంటవా?"

స్వరూప విదేశీ పత్రికలకు వ్యాసాలు రాసేటప్పుడు ఒక్క వాక్యం కూడా ఖాయంగా రాసేది కాదు. అనిపిస్తోంది, అవకాశం ఉంది, ఇంకా పరీక్షించాలి అని ప్రతి మాటకూ ఒక తోక తగిలించేది. ఆ జాగ్రత్తకే ఆమెకు పేరు. సొంత ఊరికి జవాబు చెప్పేటప్పుడు మాత్రం ఆ తోకలన్నీ ఎక్కడికి పోయాయో ఆమెకే తెలియదు. అయినవాళ్ళు అడిగినప్పుడు అటూ ఇటూ కాకుండా మాట్లాడితే మర్యాద కాదనుకుంది. కొంచెం గర్వం కూడా ఉంది. చిన్నప్పటి నుంచీ తనకు అన్నీ ఇచ్చిన ఊరికి తను ఇవ్వగలిగింది ఒకటి దొరికింది గదా అన్న సంబరం.

"ఉండండి పెద్దబాపూ. గొయ్యి మనదాక రాదు. ధైర్యంగ బొడ్రాయి నిలవెట్టండి," అంది.

వాగు పక్క జాగ పక్కూరికి పోయింది.

*

బొడ్రాయి పండుగకు ఊరి ఆడబిడ్డలందరినీ పిలిచారు. ఎక్కడెక్కడో కాపురాలు చేస్తున్న వాళ్ళంతా అల్లుళ్ళతో, పిల్లలతో దిగారు. పొలిమేర చుట్టూ పొలి, అంటే బలి అన్నం, చల్లి ఊరిని కట్టడి చేశారు. రాయి నిలబడేదాకా లోపలి వాళ్ళు బయటికి పోకూడదు, బయటి వాళ్ళు లోపలికి రాకూడదు. సారక్క ఆ రోజంతా తడి జుట్టుతో, పసుపు కాళ్ళతో ఇల్లూ వాకిలీ ఒకటి చేసింది.

గుంతలో వేయడానికి ఆడబిడ్డలు తలా ఒకటి తెచ్చారు. ఒకరు వెండి పువ్వు, ఒకరు పగడం, ఒకరు నవధాన్యాలు. స్వరూప ఒక చిన్న పలకను వేసింది. అరచేతిలో పట్టేంతది, దాని అంచున గింజంత దీపం. పైన ఎండకు రాయి కాగుతుంది, కింద మట్టి చల్లగా ఉంటుంది, ఆ తేడా చాలు దానికి. మట్టి కప్పాక ఆ దీపాన్ని ఎవరూ చూడరు గానీ, ఊరి బొడ్డు కింద ఒక వెలుగు ఉంటుందని ఆమెకు తోచింది. అప్పట్లో ఆమెకు అలాంటివి తోచేవి.

రాయి నిలబెట్టాక మొదటి బిందె ఎవరు పోయాలని మాట వచ్చింది. అది పెద్ద ఇంటి ఆడబిడ్డ హక్కు. ఓదెలు చెయ్యెత్తి, "ఎవ్వలి మాట మీద నిలవెట్టినమో ఆ బిడ్డనే పొయ్యాలె," అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. స్వరూప నెత్తి మీది బిందె దించి బొడ్రాయి మీద నీళ్ళు పోసింది. డప్పులు మోగాయి. ఆమె ఏడ్చింది. నోబెల్ వచ్చినా అంత ఏడ్చేది కాదు.

*

పలక వచ్చాక కరెంటు చవకైంది. ఎంత చవకంటే, మొగిలి ఒకరోజు ఫోన్ చేసి, "చెల్లే, మనూర్ల ఇప్పుడు మోటరు బంద్ వెట్టుడే లేదు, ఎండకాలం వరి కూడ ఏస్తున్నం," అని నవ్వాడు. స్వరూప కూడా నవ్వింది. సారక్క ముందు ఫ్రిజ్ కొంది, తర్వాత ఏసీ పెట్టించింది, ఆ తర్వాత మిరపకాయలు ఎండబెట్టే మిషను తెప్పించి వాడకట్టు మొత్తానికి కాయలు ఎండబెట్టింది. మొగిలి కూతురు మౌనికకు కొత్తగా కట్టిన అల్యూమినియం ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. కరెంటు చవక కాకపోతే ఆ ఫ్యాక్టరీయే లేదు. ఆ పిల్ల మొదటి జీతంతో అత్తకు చీర కొని పంపింది.

ఒక్క ఇప్పలపల్లేనా? ఊరూరా ఐసు గదులు, బజారు బజారంతా చల్లబరిచే మిషన్లు, సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే కర్మాగారాలు, ఊళ్ళంత కంప్యూటర్ భవనాలు. అంతకుముందు కరెంటు బిల్లుకు జడిసి ఎవరూ తలపెట్టని పనులన్నీ ఒక్కసారిగా గిట్టుబాటయ్యాయి. దేశం సంపాదన అంతకుముందెన్నడూ ఎరగనంత వేగంగా పెరిగింది. ఇవేవీ చెడ్డ పనులు కావు. పుట్టిన పిల్లలు బతికారు, పండిన పంట కుళ్ళలేదు.

ఇంతియాజ్ గోడ మీది నల్ల గీత కొన్నాళ్ళు కిందే నడిచింది. తర్వాత తల ఎత్తింది. తర్వాత పలక రాకముందు ఉన్న చోటికి చేరింది. అక్కడ ఆగుతుందని స్వరూప అనుకుంది. ఒక మధ్యాహ్నం డబ్బాలో అన్నం తినడానికి పోతూ చూస్తే, ఇంతియాజ్ స్టూలెక్కి ఆ కాగితం పైన ఇంకో కాగితం అతికిస్తున్నాడు. గీత పాత కాగితం దాటిపోయింది.

"బండి బొగ్గుకు రెండింతల కరెంటు వస్తుంటే, బొగ్గు తవ్వుడు బంద్ చేస్తరా మేడమ్? ఇంకింత గిట్టుబాటైందని తవ్వుతరు," అన్నాడు స్టూలు మీది నుంచే. ఎత్తిపొడుపు కాదది. అతని గొంతులో బాధ ఉంది. "మనం బొగ్గును తగ్గియ్యలేదు. దాని ఇలువ పెంచినం."

స్వరూప డబ్బా మూత తీయకుండానే సీటుకు వెళ్ళి కూర్చుంది. ఆమెకు ఫ్యాక్టరీలు గుర్తు రాలేదు, దేశం గుర్తు రాలేదు. "అయితె మనూరు ఉంటదా?" అని వదిన కొంగుతో చేతులు తుడుచుకున్న పొయ్యి గుర్తొచ్చింది.

ఇప్పలపల్లెకు నోటీసు వచ్చింది, ఊరు ఖాళీ చేయాలని. ఓదెలు ఫోన్ చేయలేదు. మొగిలి చేయలేదు. ఆ సంగతి ఆమె మౌనిక నోట విన్నది.

*

ఒక పెద్ద అధికారిని కలవడానికి స్వరూప ఢిల్లీ వెళ్ళింది. తెలుగాయనే. లేచి నిలబడి నమస్కారం చేశాడు. ఆయన గది గోడకు దేశం పటం, దాని మీద బొగ్గు ఉన్న చోటల్లా నల్ల మచ్చలు. స్వరూప కళ్ళు ముందు ఇప్పలపల్లెను వెతికాయి. ఊరు ఒక మచ్చ నడుమ ఉంది. ఊరివాళ్ళకు ఇప్పుడు ఇవ్వబోయే గుట్టబోరు, అంటే గుట్ట వాలులోని రాళ్ళ నేల, ఇంకో మచ్చ అంచున ఉంది.

"పలక మిగిల్చిన బొగ్గు భూమిలోనే ఉండాలని చట్టం తెండి సర్," అంది. "మిగిలిందాన్ని మళ్ళీ తవ్వితే ఇక మిగిల్చి ఏం లాభం?"

ఆయన చాలా సౌమ్యంగా నవ్వాడు. "మేడమ్, మీరు బొగ్గును మిగల్చలేదు. కరెంటును చవక చేశారు. ఆ రెండూ ఒకటి కాదు." కిటికీ దగ్గరికి పిలిచి, ఎదురుగా కొత్తగా లేచిన ఆస్పత్రిని చూపించాడు. "మా అమ్మ మా తమ్ముణ్ణి కిరసనాయిలు బుడ్డి ముందు కని చనిపోయింది. ఇప్పుడు దేశంలో అలా పోయే తల్లి లేదు. కరెంటు పెరిగితే దేశం పెరుగుతోంది, దేశం పెరిగితే ఇంకా కరెంటు అడుగుతోంది. ఎక్కడో ఒకచోట ఆపాలని నాకూ తెలుసు. ఎవరి ఇంట్లో ఆపాలో మీరు చెప్పండి. ఏ ఊరి స్విచ్ కట్టేయమంటారు? పేరు చెబితే ఇప్పుడే రాసి పంపిస్తాను."

ఇది దబాయింపు కాదు. ఆయన నిజంగానే పెన్ను తీశాడు.

స్వరూప ఒక ఊరి పేరు చెప్పాలని చూసింది. మౌనిక ఫ్యాక్టరీ ఉన్న ఊరు చెప్పనా? తను ఉండే కాలనీ చెప్పనా? సారక్క మిరపకాయల మిషను ఆపమననా? ఆ కాసేపూ ఆమెకు తన మీద తనకు అసహ్యం వేసింది. ఊరిని ముంచడానికి పలక చేయగలిగింది గానీ, ఊరిని తేల్చడానికి ఒక్క మాట చేతకాలేదు.

"రెండో పలక సిద్ధమైందని విన్నాను," అన్నాడాయన, పెన్ను మూస్తూ. "మిగిలిన ఆ బండి వేడిని కూడా పట్టేస్తుందట కదా. ఎప్పుడిస్తున్నారు?"

రెండో పలక ఆమె టేబుల్ సొరుగులో ఉంది. దాన్ని ఎంత వేడి దగ్గర కాల్చాలో, ఎప్పుడు దించాలో ఆమెకు తప్ప ఇంకా ఎవరికీ తెలియదు. పరాంకుశం రోజూ తేదీ అడుగుతున్నారు.

"ఇంకా పరీక్షించాలి," అంది స్వరూప. ఆ తోక మళ్ళీ వచ్చింది, రావలసిన రోజున రాకుండా.

*

ఊరు లేచిపోయే నాడు ఆడబిడ్డలను ఎవరూ పిలవలేదు. స్వరూప పిలవకుండానే వెళ్ళింది. ఉదయం ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఇళ్ళకు తలుపులు లేవు, కిటికీలు లేవు. ఎవరి కలప వాళ్ళు ఊడదీసుకుని ట్రాక్టర్లకు ఎక్కించుకుంటున్నారు. తలుపుల్లేని ఇళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. ఎదురుపడిన వాళ్ళంతా "ఎప్పుడొచ్చినవ్, మంచిగున్నవా?" అని అడుగుతున్నారు. ఒక్కరూ తిట్టడం లేదు. ఎవరైనా ఒక్కరు తిడితే ఆ కాళ్ళు పట్టుకుందామని ఆమె ఊరంతా తిరిగింది.

బొడ్రాయి దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. కంపెనీ పంపిన మిషను దూరంగా ఆగి ఉంది. దానితో రాయిని పెకలించనిచ్చేది లేదని ఓదెలు పట్టుబట్టాడు. స్వరూపను చూసి దారి ఇచ్చారు.

"మంచిగొచ్చినవ్ బిడ్డా," అన్నాడు ఓదెలు. మనిషి బాగా వంగిపోయాడు. "నిలవెట్టిన బొడ్రాయిని తియ్యద్దు. తియ్యక తప్పుతలేదు. మొదటి బిందె పోసిన చెయ్యి తాకినంకనే గడ్డపార వడాలె. ఇది నీ మీద కోపంతోని అనుడు కాదు, గట్లనే జెయ్యాలె."

"కోపం ఉంటె బాగుండు పెద్దబాపూ. వాగు పక్క జాగ నా మాట వల్లనే పోయింది," అంది స్వరూప.

ఓదెలు పక్కకు జరిగి ఆమెకు రాయిని చూపించాడు.

స్వరూప వంగి రాయి మీద చెయ్యి పెట్టింది. రాయి వేడిగా ఉంది. తరువాత మగవాళ్ళు గడ్డపారలు వేశారు. రాయి ఒరిగింది. మట్టిలోంచి వెండి పువ్వు, పగడం, మొలకెత్తి ఎండిపోయిన గింజలు బయటపడ్డాయి. వాటి నడుమ పలక. ఎవరో అందించగా ఓదెలు తీసుకుని, మట్టి తుడిచి, కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. ఎండలో ఏమీ కనిపించలేదు. భుజం మీది తువ్వాలు తీసి, ముసుగేసి, దాని లోపలికి తొంగి చూశాడు. అలా చాలాసేపు చూశాడు.

"ఎలుగుతనే ఉన్నది," అన్నాడు. తువ్వాలు తీసి పలకను స్వరూప చేతిలో పెట్టాడు. "నీ మాట తప్పింది గని బిడ్డా, నీ పలక తప్పలే."

ఆమెకు కావలసిన తిట్టు దొరికింది. కాళ్ళు పట్టుకునే శక్తి మాత్రం అప్పటికి లేదు.

*

మొగిలి ఇంటి ముందు ట్రాక్టర్ నిండిపోయింది. మంచాలు, బియ్యం డ్రమ్ములు, ఫ్రిజ్, మిరపకాయల మిషను. అన్నిటి పైన ఇంటి గడప, నాలుగు తరాలు పసుపు రాసిన టేకు దుంగ, పక్కకు ఒరిగి పడుకుని ఉంది. కొత్త కాలనీ ఇళ్ళకు గడపలు ఉండవట, నాపరాయి వేస్తారట. అందుకే మొగిలి దాన్ని పెకలించి వేసుకున్నాడు.

సారక్క ఖాళీ ఇంటి మధ్య ఒక పీట వేసి, "కూసో స్వరూపా," అంది.

"ఎందుకు వదినె?"

"ఈ ఇంట్ల మళ్ళ నీకు ఒడిబియ్యం పొయ్యరాదు గదా. కూసో."

పుట్టింటివాళ్ళు ఆడబిడ్డ ఒడిలో పోసి పంపే పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరపండ్లు. స్వరూప కొంగు పట్టి కూర్చుంది. సారక్క దోసిళ్ళతో బియ్యం పోస్తుంటే ఒడి బరువెక్కింది. ఇంటికి కప్పు ఉంది గానీ తలుపులు లేకపోవడం వల్ల వీధిలో పోయేవాళ్ళంతా చూస్తున్నారు. స్వరూప ఇక తట్టుకోలేకపోయింది.

"నన్ను తిట్టు వదినె. నీ కాళ్ళు మొక్కుత, ఒక్కసారి తిట్టు. ఉండుమన్నది నేనే. మంచి జాగ పోగొట్టింది నేనే."

"ఒడి నింపినంక ఆడబిడ్డను తిట్టద్దు," అంది సారక్క. "తిట్టేదుంటె ముందుగాలనే తిడుదు." చివరి దోసిలి పోసి, ఆమె కొంగు ముడి వేసింది. వదిన కళ్ళు కూడా నిండి ఉన్నాయి. "నువ్వు కావాలని జేసినవా? నేను ఏసీ పెట్టుకోలేదా? నాకు ఎరుకేనా ఆ కరెంటు మనింటి కిందికెల్లే తవ్వుకొస్తున్నరని?"

ఈ ఓదార్పు తిట్టు కన్నా ఎక్కువ గుచ్చుకుంది. తెలిసి ఉండాల్సింది సారక్కకు కాదు.

ఒడి నిండిన ఆడబిడ్డ వెళ్ళేముందు తన ఒడిలోంచి కొన్ని బియ్యం తీసి పుట్టింటి గడప మీద పోసి మొక్కుతుంది, ఈ ఇల్లు చల్లగా ఉండాలని. స్వరూప గుప్పిట నిండా బియ్యం తీసుకుని అలవాటుగా వాకిటి దాకా వచ్చి ఆగిపోయింది. గడప ఉండాల్సిన చోట పెళ్ళగిల్లిన మట్టి ఉంది.

"ఏడ పొయ్యాలె వదినె?"

సారక్క ట్రాక్టర్ వైపు చూపించింది. మొగిలి చెయ్యందించి చెల్లెల్ని ట్రాలీ మీదికి లాగాడు. ఒడిలో బియ్యం మూటతో, మంచం కోళ్ళు పట్టుకుని, ఫ్రిజ్ పక్కగా పాకి, స్వరూప గడప దగ్గరికి చేరింది. గుప్పిట విప్పి బియ్యం పోసింది. గడప ఒరిగి ఉంది కదా, గింజలు నిలవలేదు. జారి, సామాన్ల సందుల్లోంచి కిందికి, రోడ్డు మీదికి రాలిపోయాయి. ఇంకో గుప్పెడు పోసింది. అవీ జారాయి. వెనకాలే ఎక్కిన సారక్క గడప పక్కన కొంగు పరిచి పట్టుకుంది. "పొయ్యి, నేను పట్టుకుంట," అంది.

స్వరూప పోసింది. వదిన కొంగులో పడిన గింజల మీద నుదురు ఆనించి మొక్కింది. సంచిలో ఫోన్ మోగుతోంది. పరాంకుశమే అయి ఉంటారు. తేదీ కోసం.

"పేపర్ల సూసిన," అంది సారక్క కొంగు ముడేసుకుంటూ. "ఇంకో పలక జేసినవంట గదా. దానికి బొగ్గు ఇంకా తక్కువ సాలంట. అదస్తె మా కొత్త ఊరు ఉంటదా?"

స్వరూపకు అధికారి గదిలోని పటం కనిపించింది, అందులో గుట్టబోరు పక్కనున్న నల్ల మచ్చ కనిపించింది. నోటి దాకా ఆ పాత తోకలన్నీ వచ్చాయి. అనిపిస్తోంది, అవకాశం ఉంది, ఇంకా పరీక్షించాలి. వాటిలో ఏదన్నా వదిన సంతోషంగానే నమ్ముతుంది.

"ఉండది వదినె," అంది. "అదస్తె ఇంకా జల్ది తవ్వుతరు."

సారక్క ముందుకు వంగి, ఇంజను చప్పుడు మీదుగా, అప్పటికే స్టీరింగు పట్టుకున్న మొగిలిని కేకేసింది.

"ఇగో, ఇనవడుతుందా? గడపను సిమెంటుతోని కట్టియ్యకు. ఊకె నిలవెడదాం. మళ్ళ తీసుడుంటది."

ట్రాక్టర్ కదిలింది. సంచిలో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.